రైలు విడిచిన బాట

సైకిలు మనకు కొత్త వస్తువు కాదు. పాల క్యాన్లు రెండు వైపులా వేలాడదీసుకొని తెల్లవారకముందే పట్నం చేరే పాలవాడినీ, పుస్తకాల సంచితో పాటు తమ్ముణ్ణి కూడా ముందు కమ్మీ మీద కూర్చోబెట్టుకొని బడికి వెళ్ళే అన్ననూ మనం చూసే ఉంటాం. మన ఊళ్ళలో సైకిలు బ్రతుకుతెరువుకు తోడు. అయితే ఒక దేశాన్ని చూడటానికి, దాని చరిత్రను ఊరూరా తిరిగి తెలుసుకోవటానికి సైకిలును సాధనంగా చేసుకొన్న ప్రజలు కూడా ఉన్నారు. వారిలో ఫ్రెంచివారు ముఖ్యులు. వారు సైకిలును ముద్దుగా 'చిన్న రాణి' అని పిలుచుకొంటారు.

ఫ్రాన్సు పేరు మనలో చాలామందికి తెలిసినదే. గోదావరి తీరాన గల యానాం పట్టణం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉండేది. కాని అప్పుడు మనం చూసినది ఓడలూ కోటలూ అధికారులూ గల ఫ్రాన్సు. ఈ పాఠంలో మనం చూడబోయేది ద్రాక్షతోటలూ పచ్చికబయళ్ళూ రాతి ఇళ్ళూ గల పల్లెల ఫ్రాన్సు. దానిని చూడటానికి సైకిలును మించిన వాహనం లేదు. కారులో పోయేవాడికి ఊరు ఒక్క క్షణంలో వెనుకబడిపోతుంది. నడిచిపోయేవాడు రోజంతా నడిచినా రెండు మూడు ఊళ్ళు దాటలేడు. సైకిలు మీద వెళ్ళేవాడికి దూరమూ కలిసివస్తుంది, దారి పక్కనున్నదీ కంటపడుతుంది.

ముందుగా సైకిలు కథ కొంత తెలుసుకొందాం. 1860 తరువాతి సంవత్సరాలలో పారిస్ నగరంలోని మిషో కుటుంబం వారు ముందు చక్రానికి పెడళ్ళు అమర్చిన సైకిళ్ళను తయారుచేసి అమ్మసాగారు. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు సమానమైన చక్రాలతో, వెనుక చక్రాన్ని గొలుసుతో తిప్పే సైకిలును రూపొందించాడు. నేటి సైకిలుకు అదే మూలరూపం. 1888లో డన్‌లప్ గాలి నింపిన టైరును తెచ్చాడు. అయితే ఆ టైరును చక్రానికి అంటించేవారు. పంక్చరు పడితే బాగుచేయటం గంటల తరబడి పని. 1891లో ఫ్రాన్సుకు చెందిన మిష్లాన్ సోదరులు విప్పి తిరిగి తొడగటానికి వీలైన టైరును తయారుచేశారు. మనం మిషలిన్ అని పలికే టైర్ల సంస్థ వారిదే. ఆ సంవత్సరమే పారిస్ నుంచి బ్రెస్ట్ రేవుకు, అక్కడినుంచి తిరిగి పారిస్‌కు సుమారు 1200 కిలోమీటర్ల పందెం జరిగింది. ఆ టైర్లతో తొక్కిన షార్ల్ తెరోఁ మూడు రోజులలోపే ఆ దూరాన్ని ముగించి గెలిచాడు.

1903లో 'టూర్ డి ఫ్రాన్స్' అనే పేరుగల పందెం మొదలైంది. తొలి ఏడు 6 అంచెలలో 2428 కిలోమీటర్లు తొక్కవలసి వచ్చింది. బయలుదేరిన 60 మందిలో 21 మంది మాత్రమే చివరిదాకా నిలిచారు. విజేత మోరిస్ గారెఁ. చిన్నతనంలో పొగగొట్టాలు శుభ్రంచేసి పొట్టపోసుకొన్న మనిషి అతడు. ఈనాటికీ ఆ పందెం ఏటా జరుగుతోంది.

పందెం వేరు, ప్రయాణం వేరు. ఈ తేడాను ఫ్రెంచివారికి నచ్చజెప్పిన వ్యక్తి పోల్ ద వివీ. ఆయన 1853లో పుట్టి 1930లో మరణించాడు. 'వెలోసియో' అనే కలంపేరుతో సెంటెటియెన్ పట్టణంనుంచి సైకిలువారి కోసం ఒక పత్రికను నడిపాడు. ఆకలి వేయకముందే తినాలనీ, దాహం వేయకముందే త్రాగాలనీ, అలసిపోకముందే ఆగాలనీ, గొప్పకోసం తొక్కరాదనీ ఆయన చెప్పేవాడు. ఆయన పట్టుదలతో ప్రచారం చేసిన విషయం మరొకటి ఉంది. అది గేర్ల సంగతి. కొండదారులలో ప్రయాణించే సామాన్యుడికి ఒక్క గేరు చాలదనీ, దారికి తగినట్లు గేరు మార్చుకోవాలనీ ఆయన వాదన. పందెపు నిర్వాహకులు అందుకు ఒప్పుకోలేదు. తొక్కుతూ ఉండగానే గొలుసును ఒక పళ్ళచక్రం నుంచి మరొకదాని మీదకు జరిపే పరికరాన్ని టూర్ డి ఫ్రాన్స్‌లో 1937లో గాని అనుమతించలేదు.

గేరు ఏం చేస్తుందో ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. సైకిలు చక్రం ఒక్కసారి తిరిగితే సుమారు 2.1 మీటర్ల దూరం పోతుందనుకొందాం. పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రానికి 48 పళ్ళు, వెనుక పళ్ళచక్రానికి 16 పళ్ళు ఉంటే, పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు వెనుక చక్రం మూడు చుట్లు తిరుగుతుంది. అంటే సైకిలు 6.3 మీటర్లు ముందుకు పోతుంది. సమతలంలో ఇది ఎంతో హాయి. ఇప్పుడు దారి ప్రతి 100 మీటర్లకు 5 మీటర్ల చొప్పున ఎత్తు పెరుగుతోందనుకోండి. అప్పుడు పెడలు ఒక్క చుట్టు తిప్పటమంటే మనిషినీ సైకిలునూ కలిపి 31 సెంటీమీటర్లకు పైగా పైకి ఎత్తటమే. మోకాళ్ళు పట్టేస్తాయి. ముందు 34 పళ్ళు, వెనుక 34 పళ్ళు గల గేరుకు మారితే ఒక చుట్టుకు 2.1 మీటర్లే పోతాం. ఎత్తేది పదిన్నర సెంటీమీటర్లే. కాలిమీద భారం మూడోవంతుకు తగ్గుతుంది. అయితే అదే దూరం పోవటానికి మూడింతల చుట్లు తిప్పాలి. ఎత్తు ఎక్కటానికి చేయవలసిన మొత్తం పని తగ్గదు. దానిని చిన్న చిన్న భాగాలుగా పంచుకొంటాం, అంతే. బరువైన మూటను ఒక్కసారిగా ఎత్తలేనివాడు విప్పి నాలుగు సార్లుగా మోసుకుపోయినట్లే ఇది.

గేర్లు వచ్చిన తరువాత ఎత్తుపల్లాల నేల సైకిలువారికి భయంగా కాక ఇష్టంగా మారింది. ఎక్కినంతసేపూ శ్రమ, దిగినంతసేపూ విశ్రాంతి. మిట్ట ఎక్కగానే ఇంతవరకు కనిపించని ఊరు, దాని గంటగోపురం కళ్ళముందు నిలుస్తాయి. అయితే ఈ ఆనందం సామాన్యులకు వెంటనే అందలేదు. సెలవు లేనివాడికి సైకిలు ఉండి ఏం లాభం? 1936లో ఫ్రెంచి ప్రభుత్వం కార్మికులందరికీ ఏటా రెండు వారాలు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని చట్టం చేసింది. ఆ వేసవిలో ఎందరో కార్మికులు సైకిళ్ళ మీద, ఇద్దరు కలిసి తొక్కే జంట సైకిళ్ళ మీద పల్లెలకూ సముద్రతీరాలకూ బయలుదేరారు. వారిలో చాలామంది తమ దేశాన్ని కళ్ళారా చూడటం అదే మొదటిసారి.

ఇక మనమూ బయలుదేరుదాం. పారిస్‌కు ఆగ్నేయ దిక్కున బర్గండీ అనే ప్రాంతం ఉంది. అందులోని దక్షిణ భాగంలో సోన్ నదికి పడమట సున్నపురాతి గుట్టలు వరుసలు తీరి ఉంటాయి. అవి పెద్ద కొండలు కావు. అల లేచి పడినట్లు నేల మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది. ఎండ తగిలే వాలుల మీద ద్రాక్షతోటలు, పల్లంలో పచ్చికబయళ్ళు, వాటిలో తెల్లని షరోలే జాతి ఆవులు కనిపిస్తాయి. ఈ ప్రాంతంలో షాలోన్ పట్టణానికి దగ్గరగా ఉన్న జివ్రీ అనే ద్రాక్షతోటల ఊరినుంచి క్లూనీ అనే పురాతన పట్టణం వరకు ఒకప్పుడు రైలుదారి ఉండేది. బస్సులూ కార్లూ పెరిగిన కొద్దీ రైలు ఎక్కేవారు తగ్గారు. చివరకు రైళ్ళు ఆగిపోయాయి. స్టేషన్లు మూతపడ్డాయి. పట్టాల మధ్య గడ్డి మొలిచింది.

పనికిరాని రైలుదారిని ఏం చేయాలి? ముక్కలుగా కోసి అమ్మివేస్తే కొంత డబ్బు వస్తుంది. కాని ఒకసారి తెగిన దారిని మళ్ళీ కలపటం దాదాపు అసాధ్యం. ఇక్కడివారు ఆ పని చేయలేదు. పట్టాలు తీసి, నేల చదునుచేసి, తారు పరిచి, 1997లో జివ్రీ నుంచి క్లూనీ వరకు సుమారు 44 కిలోమీటర్ల బాటను ప్రజలకు తెరిచారు. దానికి 'పచ్చబాట' అనే అర్థం గల పేరు పెట్టారు. ఫ్రాన్సులో ఇటువంటి బాటలకు ఇదే నాంది. దీనిమీద మోటారు వాహనాలకు ప్రవేశం లేదు. సైకిళ్ళవారు, పాదచారులు, చక్రాల కుర్చీలలో వచ్చేవారు, పిల్లలు నిర్భయంగా సాగిపోవచ్చు.

ఈ బాట తొక్కటానికి ఎందుకింత సుఖంగా ఉంటుంది? కారణం రైలే. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ. నిట్టనిలువు దారిలో రైలు ఎక్కలేదు, జారిపోతుంది. అందుచేత రైలుదారి వేసేటప్పుడు ఇంజనీర్లు మిట్టలను తొలిచి, పల్లాలను పూడ్చి, వాలు వందకు ఒకటి రెండు మీటర్లకు మించకుండా చూస్తారు. మలుపులను కూడా పెద్ద చాపాలుగా తీరుస్తారు. ఆనాడు రైలుకోసం కూలీలు పారలతో గడ్డపలుగులతో చేసిన శ్రమ ఈనాడు సైకిలువాడి మోకాళ్ళను కాపాడుతోంది. మంచిగా చేసిన పని మొదటి అవసరం తీరిపోయాక కూడా ఉపయోగపడుతుందనటానికి ఇది చక్కని ఉదాహరణ.

బాట పొడవునా పాత స్టేషన్లు కనిపిస్తాయి. వాటి ప్రక్కనుంచే ఊళ్ళలోకి దారులు చీలుతాయి. జివ్రీ తరువాత బ్యూసీ, ఆ తరువాత సాఁ-జాంగు-ల-నాస్యోనాల్ వస్తాయి. ఈ రెండవ ఊరి పేరులోనే చరిత్ర ఉంది. రాజుల కాలంలో దాని పేరు చివర 'రాయల్' అనే మాట ఉండేది. ఫ్రెంచి విప్లవంతో రాజరికం పోయింది. కాలక్రమంలో ఊరి పేరులో కూడా రాజు పోయి జాతి వచ్చింది.   ఊరి మొదట్లోని పేరుపలక చదివినా ఒక పాఠం చదివినట్లే.

ఈ పల్లెలలో ద్రాక్ష పండించేవారి ఇళ్ళు ప్రత్యేకమైనవి. క్రింది భాగమంతా ద్రాక్షసారాయి పీపాలు నిలవచేసే గది. నివాసం పై అంతస్తులో ఉంటుంది. బయటినుంచి రాతిమెట్లు ఎక్కి, కప్పుగల వసారాలోకి వెళ్ళాలి. ఊరి మధ్య పారే నీటి దగ్గర, పైన పెంకుకప్పు వేసిన రేవు ఉంటుంది. కుళాయిలూ బట్టలుతికే యంత్రాలూ లేని రోజులలో ఊరి స్త్రీలందరూ అక్కడే బట్టలుతికేవారు. మన చెరువుగట్టు మీదిలాగే అక్కడా ఊరి కబుర్లన్నీ ఆ రేవులోనే తెలిసేవి.

మరి కొంత దక్షిణానికి పోతే కొర్మతాఁ అనే ఊరు. అక్కడ 17వ శతాబ్ది మొదట్లో కట్టిన కోటవంటి భవనం ఒకటి, చుట్టూ నీటి కందకంతో ఉన్నది. ఇక్కడ బాట విడిచి తూర్పుగా కొద్ది కిలోమీటర్లు పోతే షపేజ్ అనే చిన్న పల్లె వస్తుంది. అక్కడి చర్చి 11వ శతాబ్దానికి చెందినది. ఎత్తయిన దాని గంటగోపురం పొలాలమీదుగా దూరంనుంచే కనిపిస్తుంది. ఇంకా ముందుకు సాగితే బ్రాన్సియోన్ అనే ఊరు గుట్టమీద ఉంది. పచ్చబాట మీద అవసరంపడని చిన్న గేరు ఇక్కడ తప్పక అవసరమవుతుంది. పైకి చేరితే మధ్యయుగపు కోట, సంతపాక, చర్చి ఒకేచోట కనిపిస్తాయి.

పచ్చబాట దాటి మామూలు రోడ్డు మీదకు వచ్చినప్పుడు సైకిలువాడు జాగ్రత్తగా ఉండాలి. ఫ్రాన్సులో వాహనాలు మనకు భిన్నంగా కుడిపక్కన నడుస్తాయి. చిన్న రోడ్ల పక్కన పసుపుపచ్చ తల గల తెల్లని కిలోమీటరు రాళ్ళు, పెద్ద జాతీయ రహదారుల పక్కన ఎర్రతల రాళ్ళు ఉంటాయి. సైకిలును దాటిపోయే కారు ఊళ్ళలో కనీసం ఒక మీటరు, ఊరి బయట ఒకటిన్నర మీటరు ఎడం పాటించాలని అక్కడి నిబంధన. పన్నెండేళ్ళలోపు పిల్లలు శిరస్త్రాణం ధరించాలని 2017లో నియమం చేశారు. రాత్రివేళ ఊరి బయట తొక్కేవారు దూరానికి మెరిసే చొక్కా వేసుకోవాలి. దారి అందరిదీ, బలమైన వాహనం బలహీనమైన దానికి చోటివ్వాలి అన్నదే వీటి సారాంశం.

ప్రతి ఊరిలోనూ సైకిలువాడిని ఆపే రాయి ఒకటి ఉంటుంది. అది యుద్ధ స్మారకస్తంభం. 1914 నుంచి 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచ యుద్ధంలో పదమూడు లక్షలకు పైగా ఫ్రెంచి సైనికులు చనిపోయారు. వారి పేర్లు ఏ ఊరివారివి ఆ ఊరి స్తంభం మీద చెక్కారు. చిన్న ఊరిలో కూడా ఎన్నో పేర్లు కనిపిస్తాయి. ఒకే ఇంటిపేరు రెండుసార్లో మూడుసార్లో కనిపించినప్పుడు, వారు అన్నదమ్ములేమో అని మనసు చివుక్కుమంటుంది. కారులో పోయేవాడికి అది కూడలిలోని ఒక స్తంభం మాత్రమే.

చివరకు క్లూనీ. 910 ప్రాంతంలో ఇక్కడ ఒక క్రైస్తవ మఠం వెలసింది. క్రమంగా ఐరోపాలోని వందలాది మఠాలు దీని ఆజ్ఞలో నడిచాయి. 1088లో ఇక్కడ మొదలుపెట్టిన చర్చి పూర్తయ్యేసరికి 187 మీటర్ల పొడవు ఉంది. రోమ్ నగరంలో సెయింట్ పీటర్ చర్చిని తిరిగి నిర్మించేవరకు క్రైస్తవలోకంలో అంత పెద్ద చర్చి మరొకటి లేదు. ఇంత ఘనచరిత్ర గల కట్టడాన్ని చూడాలని వచ్చిన యాత్రికుడికి అక్కడ కనిపించేది ఏమిటి? ఒక బాహువు, దాని మీద ఎనిమిది కోణాల గంటగోపురం, అక్కడక్కడ గోడలు, స్తంభాల మొదళ్ళు. మొత్తంలో పదోవంతు కూడా మిగలలేదు.

దానిని కూల్చినది శత్రుసైన్యం కాదు. భూకంపమూ కాదు. విప్లవం తరువాత మఠం మూతపడింది. 1798లో ఆ కట్టడాన్ని అమ్మివేశారు. కొన్నవారికి అది చర్చి కాదు, చెక్కి సిద్ధంగా ఉన్న రాళ్ళ గుట్ట. చర్చి మధ్యనుంచి వీధి వేశారు. రాళ్ళు ఊడదీసి ఇళ్ళకూ గోడలకూ అమ్మారు. 1823 వరకు ఈ పని సాగింది. తరాల తరబడి శ్రమించి కట్టినది పాతికేళ్ళలో మాయమైంది. 1928నుంచి అమెరికా దేశపు పండితుడు కెనెత్ కోనంట్ అక్కడ త్రవ్వకాలు జరిపి, దొరికిన పునాదులనుబట్టి ఆ చర్చి ఎలా ఉండేదో బొమ్మలు గీసి చూపాడు. బొమ్మలు మిగిలాయి, చర్చి తిరిగి రాలేదు.

అదే పట్టణం మరొక దుఃఖాన్నీ చవిచూసింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆక్రమణను ఎదిరించిన వారికి ఈ ప్రాంతం ఆశ్రయమిచ్చింది. అందుకు ప్రతిఫలంగా 1944 ఫిబ్రవరి 14న జర్మన్ సేనలు క్లూనీ పౌరులను పదుల సంఖ్యలో పట్టుకొని నిర్బంధ శిబిరాలకు తరలించాయి. వారిలో చాలామంది తిరిగి రాలేదు. ఆ పేర్లను క్లూనీ మరచిపోలేదు. రాళ్ళ విషయంలో ఒకప్పుడు చూపని శ్రద్ధను మనుషుల జ్ఞాపకం విషయంలో చూపింది.

బాట క్లూనీతో ఆగలేదు. తరువాతి సంవత్సరాలలో దానిని దక్షిణాన మకోన్ వైపు పొడిగించారు. అక్కడ గుట్ట క్రింద పాత రైలు సొరంగం ఒకటి ఉంది. దాని పొడవు సుమారు 1600 మీటర్లు. దీపాల వెలుగులో సైకిళ్ళు దానిలోనుంచి పోతాయి. అయితే శీతాకాలంలో దానిని మూసివేస్తారు. ఎందుకంటే ఆ నెలలలో గబ్బిలాలు అక్కడ నిద్రావస్థలో ఉంటాయి. వాటిని కదిలిస్తే చలికి తట్టుకోలేక చనిపోతాయి. అందువల్ల ఆ కాలంలో సైకిలువారు గుట్టమీది దారిన ఎక్కి దిగుతారు. గబ్బిలాల నిద్రకోసం మనిషి కాస్త చెమటోడుస్తాడన్నమాట.

ఈ ఒక్క ప్రయాణంలో మనకు రెండు పాత కట్టడాలు కనిపించాయి. ఒకటి మహోన్నతమైన చర్చి. పని తీరిందనుకొని దానిని రాళ్ళ లెక్కన అమ్ముకొన్నారు. రెండవది సామాన్యమైన రైలుదారి. పని తీరిపోయినా దానిని తెగనీయక మరొక పనికి మలచుకొన్నారు. మొదటిది పోయి రెండు వందల ఏళ్ళయింది. రెండవదాని మీద ఇవాళ పిల్లలు సైకిలు నేర్చుకొంటున్నారు.

మన ఊళ్ళలోనూ వాడుక తప్పిన మెట్లబావులు, శిథిలమైన సత్రాలు, పూడిపోతున్న కాలువగట్లు ఉన్నాయి. వాటిని చూడటానికి ఫ్రాన్సు వెళ్ళనక్కరలేదు. ఒక ఆదివారం ఉదయం సైకిలుకు గాలి కొట్టించుకొని, పెద్దలకు చెప్పి, ఒక సీసా నీళ్ళు వెంట తీసుకొని మీ ఊరి చుట్టూ తిరిగి రండి. రోజూ చూసే రాయి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. దానిమీద అక్షరాలున్నాయేమో చూడండి. అక్కడే పెరిగిన తాతగారినెవరినైనా అడగండి. అక్కడ ఏముండేదో, ఇప్పుడెందుకు లేదో ఆయన చెబుతారు. విన్నది ఇంటికి వచ్చి మీ నోటుపుస్తకంలో వ్రాసుకోండి.